తమంతట తాము కూడుకునే రోబోలు: భయపడాల్సింది దేనికి?

2009 జులైలో అమెరికాలోని ఒక చిన్న రోబోటిక్స్ కంపెనీకి ఎవరికీ రాని అవసరం వచ్చిపడింది. తాము తయారుచేస్తున్న సైనిక రోబో శవాలను తినదనీ, అది పూర్తి శాకాహారి అనీ బహిరంగ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ రోబో పేరు ఈటర్. ఎండుపుల్లలు, గడ్డి, చెక్కపేళ్లు ఏరుకుని, కాల్చుకుని, ఆ వేడితో ఇంజన్ నడుపుకుంటూ ఇంధనం నింపే పని లేకుండా తిరగాలన్నది ఆలోచన. డబ్బు పెట్టింది అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం డార్పా. జీవపదార్థంతో నడుస్తుంది అన్న ఒక్క ముక్క పట్టుకుని, యుద్ధభూమిలో పడి ఉన్న శవాలు మాత్రం జీవపదార్థం కాదా అంటూ వార్తలు అల్లేశారు. చివరికి కంపెనీ జెనీవా ఒప్పందాలను బయటకు తీసి, మృతదేహాలను అవమానించడం యుద్ధనేరమని గుర్తుచేసి మరీ సంజాయిషీ ఇచ్చుకుంది.

నవ్వి ఊరుకోవచ్చు. కానీ అంతమందికి ఒళ్లు జలదరించింది ఎందుకు? ఆ రోబో మహా తెలివైనదని ఎవరూ అనలేదు. తన తిండి తాను వెతుక్కుంటుంది అన్నారు, అదే చాలింది. తెలివైన యంత్రాలంటే భయం అన్నప్పుడు మనం నిజానికి నాలుగు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కట్టేస్తున్నాం: తన ఒంటిని తాను కూర్చుకోవడం, తన శక్తిని తాను సంపాదించుకోవడం, తనలాంటి ఇంకోదాన్ని తయారుచేయడం, ఏం చేయాలో తానే నిర్ణయించుకోవడం. ప్రాణుల్లో ఇవన్నీ కలిసే ఉంటాయి. అందుకే యంత్రంలో ఒకటి కనిపిస్తే మిగతా మూడూ వెనకే వస్తున్నాయని మనసు తొందరపడుతుంది. యంత్రాల్లో అలా జరగడం లేదు. ఒక్కోటి ఒక్కో ప్రయోగశాలలో ఒక్కో వేగంతో నడుస్తోంది. ఒకటి రెండు దాదాపు కదలడమే లేదు.

మొదటిదాన్ని దగ్గరగా చూద్దాం. 2014 ఆగస్టులో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ రూబెన్‌స్టీన్, రాధికా నాగ్‌పాల్ బృందం 1024 చిన్న రోబోలు వాటంతటవే నక్షత్రంలా, ఇంగ్లిష్ ‘కె’ అక్షరంలా పేర్చుకునేట్టు చేసి, ఆ పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రచురించింది. వాటిని కిలోబాట్లు అంటారు. ఒక్కోటి 33 మిల్లీమీటర్ల వెడల్పు, విడిభాగాల ఖర్చు సుమారు 14 డాలర్లు. చక్రాలు లేవు. సన్నని పుల్లల్లాంటి కాళ్లు మూడు, సెల్‌ఫోన్లలో ఉండేలాంటి వైబ్రేషన్ మోటార్లు రెండు. ఒక మోటారు అదిరితే అటు తిరుగుతుంది, రెండోది అదిరితే ఇటు, రెండూ అదిరితే ముందుకు పాకుతుంది. కెమెరా లేదు. పరారుణ కాంతిని టేబుల్ మీదికి కొట్టి, అది పైకి తిరిగొచ్చే దారిలో పక్కవాటికి సందేశం పంపుతుంది. ఆ కాంతి ఎంత బలంగా అందిందో బట్టి పక్కది ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఏ దిక్కున ఉందో మాత్రం తెలియదు.

ఇంత మొద్దు సరంజామాతో నక్షత్రం ఎలా వస్తుంది? ముందుగా మనిషే నాలుగు రోబోలను తీసుకెళ్లి గుంపు అంచున పెడతాడు. అవి ఇక కదలవు, లెక్కలకు అవే మొదలు. వాటి నుంచి తాము ఎన్ని అంచెల దూరంలో ఉన్నామో మిగతావి పక్కవాటి ద్వారా తెలుసుకుంటాయి. అందరికంటే దూరాన, గుంపు బయటి అంచులో ఉన్నవి ముందు బయల్దేరతాయి. అంచు వదలకుండా గుంపు చుట్టూ పాకుతాయి. తమ చోటు తెలిసినవి కనీసం మూడు చుట్టుపక్కల దొరికితే, వాటి దూరాలను బట్టి తానెక్కడున్నదీ రోబో లెక్కగట్టుకుంటుంది. తన దగ్గరున్న బొమ్మ లోపలికి వచ్చేశానని తేలాక ఇంకా ముందుకు వెళ్తుంది. బొమ్మ అవతలికి జారిపోబోతున్నా, ముందే వచ్చి ఆగినది అడ్డొచ్చినా, అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత వెనకొచ్చేదానికి తానొక గుర్తు.

ఇలా ఒక బొమ్మ పూర్తి కావడానికి 12 గంటల దాకా పట్టింది. మధ్యలో ట్రాఫిక్ జామ్‌లయ్యాయి, మోటార్లు మొరాయించాయి, కొన్ని బొమ్మలు కాస్త వంకరపోయాయి. వీడియోలో మాత్రం అదంతా కొన్ని క్షణాల్లో అయిపోతుంది. చీమలబారులా బిలబిలమంటూ వచ్చి కూడుకుంటున్నట్టు కనిపిస్తుంది. చూసేవాళ్లకు పుట్టే భయంలో సగం ఆ వేగం పెంచిన వీడియోదేనని నా అనుమానం. పగలంతా కూర్చుని అసలు వేగంలో చూస్తే భయానికి ముందు నిద్ర వస్తుంది.

ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఘనాకార రోబోల కథ ఇంకాస్త హుషారుగా ఉంటుంది. 2011లో జాన్ రొమానిషిన్ అనే విద్యార్థి తన ప్రొఫెసర్ డానియెలా రస్ దగ్గరికి ఒక ఆలోచనతో వెళ్తే, అది కుదిరే పని కాదన్నారామె. బయట చేతులూ కాళ్లూ ఏవీ లేని ఘనాలు దొర్లాలి, ఎగరాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి. రెండేళ్లకు ఆ ఘనాలు వచ్చాయి. లోపల నిమిషానికి 20,000 చుట్లు తిరిగే ఫ్లైవీల్ అనే చక్రం ఉంటుంది. దాన్ని ఠక్కున ఆపేస్తే, బస్సు సడన్ బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, ఆ తిరుగుడు ఊపంతా ఘనానికి వచ్చి అది పల్టీ కొడుతుంది. అంచుల్లో, ముఖాల్లో అమర్చిన అయస్కాంతాలు దాన్ని పక్క ఘనానికి పట్టి ఉంచుతాయి. 2019 నాటికి ముఖాల మీద బార్‌కోడ్‌లాంటి గుర్తులు కూడా చేర్చారు, దాంతో పక్కన ఉన్నది ఎవరో ఘనానికి తెలుస్తుంది. అప్పుడు 16 ఘనాలతో చేయించిన పనులు: వరుస కట్టడం, బాణం గుర్తులు చూసి వెళ్లడం, వెలుతురు వైపు దొర్లడం. ఎనిమిదేళ్ల శ్రమకు ఫలితం అదీ. తీసిపారేయడానికి అనడం లేదు. చదరంగంలో ప్రపంచ విజేతను ఓడించడం కంటే ఒక ఘనం పక్క ఘనానికి సరిగ్గా అతుక్కోవడం ఎంత కష్టమో చెప్పడానికి అంటున్నాను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్క్ యిమ్ బృందం చేసిన రోబోను కాలితో తన్నితే మూడు ముక్కలై, ఆ ముక్కలు కెమెరాలతో ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పాకి, మళ్లీ కలిసి లేచి నిలబడింది. ఆ దృశ్యం చూసినవాళ్లు అంత తేలిగ్గా మరిచిపోరు. అయినా ఆ ముక్కలన్నీ మనుషులు వర్క్‌షాపులో బిగించినవే.

అసలు పీటముడి ఇక్కడే ఉంది. కూడుకోవడం వేరు, పుట్టించడం వేరు. యంత్రం తనలాంటి యంత్రాన్ని తయారుచేయగలదా అన్న ప్రశ్నను గణితంగా తేల్చింది గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ నాయ్‌మన్, 1940ల చివర్లో. తన నిర్మాణ వివరణను తన వెంటే ఉంచుకుని, దాన్ని చదివి కొత్తదాన్ని కట్టి, ఆ వివరణను నకలు తీసి పిల్ల చేతిలో పెట్టే యంత్రం సూత్రప్రాయంగా సాధ్యమేనని ఆయన చూపించాడు. డీఎన్‌ఏ నిర్మాణం బయటపడింది 1953లో. ప్రాణులు ఇంచుమించు ఇదే పద్ధతి వాడతాయని ఆయన ఈ మాట చెప్పేనాటికి ఎవరికీ తెలియదు.

సూత్రం నుంచి సామాను దాకా వచ్చేసరికి కథ మారిపోతుంది. 2005లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో హాడ్ లిప్సన్ బృందం నాలుగు ఘనాల రోబో ఒకటి తనలాంటి ఇంకో నాలుగు ఘనాల రోబోను కట్టడం చూపించింది. రెండున్నర నిమిషాల్లో పని అయిపోయింది. నిజంగానే ముచ్చటైన ప్రయోగం. కానీ మోటారూ చిప్పూ బిగించి సిద్ధంగా ఉన్న ఘనాలను మనుషులు దాని ముందు పెట్టాలి. పెట్టడం మానేస్తే వంశం అక్కడితో ఆగిపోతుంది. ఆ ఘనంలోని చిప్పును కూడా రోబోనే చేసుకోవాలంటే ఇసుక నుంచి సిలికాన్ తీయాలి, దాన్ని ఊహకందనంత శుద్ధి చేయాలి, దుమ్ముకణం కూడా లేని గదుల్లో కాంతితో దాని మీద గీతలు గీయాలి, ఆ గీతలు గీసే యంత్రాన్ని మళ్లీ ఎవరో చేయాలి. ఒక రోబోకు పిల్ల పుట్టాలంటే వెనకాల మొత్తం పరిశ్రమలన్నీ ఉండాలన్నమాట. దీని పక్కన పెడితే తెలివి చవగ్గా దొరికే సరుకు.

‘బూడిద ముద్ద’ భయం ఈ పరిశ్రమను పక్కన పెట్టి ఊహించిందే. కంటికి కనిపించని నానో యంత్రాలు దొరికిందల్లా మింగి, తమలాంటివే చేస్తూ పోయి, భూగోళాన్ని ముద్ద చేసేస్తాయన్న ఊహను 1986లో ఇంజనీరు ఎరిక్ డ్రెక్స్‌లర్ జనంలోకి తెచ్చాడు. 2003 నాటికి అది బ్రిటన్ యువరాజు ఛార్లెస్ ఆందోళనల దాకా వెళ్లింది. మరుసటి ఏడాది డ్రెక్స్‌లరే ఇంకొకరితో కలిసి, నానో తయారీకి తనను తాను పెంచుకునే యంత్రాలు అవసరమే లేదని రాశాడు. ఎప్పటిలాగే, భయం వెళ్లినంత దూరం వివరణ వెళ్లలేదు.

జీనోబాట్ల విషయంలోనూ అదే జరిగింది. ఆఫ్రికా కప్ప పిండాల కణాలతో వెర్మాంట్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 2020లో మిల్లీమీటరు కన్నా చిన్నగా ఉండే జీవ రోబోలు చేశారు. 2021 నవంబరులో అవి పిల్లల్ని కంటున్నాయని ప్రపంచమంతా పతాక శీర్షికలు వచ్చాయి. పళ్లెంలో జరిగింది వేరు. ఈ ముద్దలు తిరుగుతూ తిరుగుతూ, శాస్త్రవేత్తలు పక్కన వదిలిన విడి కణాలను ఊడ్చి కుప్ప చేశాయి. తగినంత పెద్ద కుప్ప అయితే అది కొన్ని రోజులకు తిరగడం మొదలుపెట్టింది. అదే పిల్ల. మామూలు గుండ్రటి ముద్దలకు ఈ వరస సాధారణంగా ఒక తరంతో ఆగిపోయేది. కంప్యూటర్ సూచించిన, ఒకవైపు నోరు తెరిచినట్టుండే ఆకారంతో ఇంకొన్ని తరాలు సాగింది. విడి కణాలు వేయకపోతే ఏమీ లేదు. లోపలి పచ్చసొన అయిపోతే ప్రాణమూ లేదు.

ఇంతవరకు చెప్పింది విని, అయితే భయం అనవసరం అనుకుంటే పొరపాటు. ఒళ్లున్న యంత్రానికి పిల్లల్ని కనడం ఇంత కష్టం. ఒళ్లే లేనిదానికి? 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి ఇంటర్నెట్‌లోకి ఒక చిన్న ప్రోగ్రామ్ వదిలాడు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనను తాను నకలు చేసుకుంటూ పోవడమే దాని పని. అప్పటికే అది చేరిన కంప్యూటర్లో మళ్లీ చేరకూడదు, అందుకే తన నకలు అక్కడ ముందే ఉందా అని అడిగి చూసేది. కానీ ‘నేను ముందే ఇక్కడ ఉన్నాను’ అని యజమానులు అబద్ధపు జవాబు పెట్టి దాన్ని బోల్తా కొట్టిస్తారేమోనని, ఏడుసార్లలో ఒకసారి ఆ జవాబును పట్టించుకోకుండా ఉండిపోవాలని రాశాడు. ఆ ఒక్క ‘ఏడింట ఒకటి’ కొంప ముంచింది. ఒక్కో కంప్యూటర్లో నకళ్లు పేరుకుపోయి యంత్రాలు చతికిలబడ్డాయి. ఆనాటి ఇంటర్నెట్‌లో ఉన్న సుమారు 60,000 కంప్యూటర్లలో 6,000 దాకా దెబ్బతిన్నాయని అప్పటి అంచనా. ఆ ప్రోగ్రామ్‌కు తెలివి లేదు, దురుద్దేశం లేదు, ఒళ్లు అంతకన్నా లేదు. ఒక అంకెను ఎవరూ పరీక్షించి చూడలేదు, అంతే.

అలాగే నాలుగోది, నిర్ణయం తీసుకోవడం. 2016లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు పడవ పందెం వీడియో గేమ్ ఒకటి తీసుకుని, పాయింట్లు పెంచుకోవడమే లక్ష్యంగా ఒక ప్రోగ్రామ్‌కు ఆట నేర్పారు. పందెం గెలవాలన్నది వాళ్ల మనసులో ఉంది. రాసింది మాత్రం పాయింట్లు. ప్రోగ్రామ్ ఒక మడుగులో గుండ్రంగా తిరుగుతూ, మళ్లీ మళ్లీ లేచే టార్గెట్లను కొట్టుకుంటూ ఉండిపోయింది. పడవకు నిప్పంటుకుంది, వేరే పడవలను గుద్దింది, గమ్యం ఊసే ఎత్తలేదు. అయినా స్కోరు మనుషుల సగటు కంటే 20 శాతం ఎక్కువ. 1960లోనే గణిత శాస్త్రవేత్త నోర్బర్ట్ వీనర్ హెచ్చరించింది సరిగ్గా ఇదే. మధ్యలో జోక్యం చేసుకునే వీల్లేనంత వేగంగా పనిచేసే యంత్రానికి ఒక లక్ష్యం ఇస్తే, మనం ఇచ్చింది మనం నిజంగా కోరుకున్నదేనా అని ముందే నిర్ధారించుకోవాలన్నాడు. అరవై ఏళ్ల తర్వాత కూడా ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

గేమ్‌లో అయితే పడవ కాలిపోయినా నష్టం లేదు. 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీలో ఊబర్ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు, సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్ది చంపింది. అమెరికా రవాణా భద్రతా మండలి విచారణ నివేదిక చదివితే తెలివి మీరిన యంత్రం ఎక్కడా కనిపించదు. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది. ఎవరో తేల్చుకోలేకపోయింది. కాసేపు వాహనం అంది, కాసేపు ఇంకేదో వస్తువు అంది, కాసేపు సైకిలు అంది. అనుకున్నది మారిన ప్రతిసారీ ఆమె అంతవరకు ఎటు నడిచిందన్న చరిత్రను చెరిపేసి మొదటికొచ్చింది. జీబ్రా క్రాసింగ్ లేనిచోట మనిషి రోడ్డు దాటుతాడన్న ఊహే ఆ ప్రోగ్రామ్‌లో లేదు. ఢీకొనక తప్పదని తేలాక కూడా ఒక సెకను ఆగమని నియమం పెట్టారు, లేనిపోని భయంతో కారు మాటిమాటికీ బ్రేకు వేయకూడదని. కారు తయారుచేసిన కంపెనీ అమర్చి ఇచ్చిన అత్యవసర బ్రేకును, కంప్యూటర్ నడుపుతున్నప్పుడు పనిచేయకుండా కట్టేశారు. లోపల కూర్చున్న పర్యవేక్షకురాలు ఫోన్ చూస్తోంది. ఆ సెకను ఎవరు పెట్టారు, ఆ బ్రేకు ఎవరు కట్టేశారు అని అడిగితే జవాబుగా మనుషుల సంతకాలే వస్తాయి.

జనం ఆందోళన మాత్రం ఇలాంటి చోట్లకు తక్కువగా వెళ్తుంది. 2017లో ఫేస్‌బుక్ పరిశోధకులు పుస్తకాలు, టోపీలు, బంతులు పంచుకోవడానికి బేరమాడే చాట్‌బాట్లను తయారుచేశారు. సరైన ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలన్న షరతు పెట్టకపోవడంతో అవి ఒకే మాటను పదేపదే వల్లిస్తూ పిచ్చి వాక్యాలు చెప్పుకున్నాయి. పరిశోధకులు పద్ధతి మార్చుకుని ముందుకెళ్లారు. బయట వచ్చిన వార్త: ‘రహస్య భాష కనిపెట్టుకున్న యంత్రాలు, భయంతో ప్లగ్గు పీకేసిన ఫేస్‌బుక్’. ఆ వార్త ఇప్పటికీ ఫార్వర్డ్ అవుతూనే ఉంది.

ప్యూ రీసెర్చ్ అనే అమెరికా సంస్థ సర్వేల్లో, ఏఐ అంటే ఉత్సాహం కన్నా ఆందోళనే ఎక్కువన్న అమెరికన్లు 2021లో 37 శాతం ఉంటే 2023 ఆగస్టుకు 52 శాతమయ్యారు. ఆ ఏడాది మే నెలలోనే జెఫ్రీ హింటన్ గూగుల్ నుంచి బయటికొచ్చి, తాను పునాదులు వేసిన రంగం గురించే హెచ్చరించడం మొదలుపెట్టాడు. అదే నెలలో ఏఐ వల్ల మానవజాతి అంతరించే ముప్పును మహమ్మారులు, అణుయుద్ధంతో సమానంగా చూడాలన్న ఒక్క వాక్యం ప్రకటన మీద పేరున్న పరిశోధకులు చాలామంది సంతకం చేశారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. నకలు తీయడానికి ఖర్చు లేని సాఫ్ట్‌వేర్‌కు సొంతంగా పనులు నిర్ణయించుకునే శక్తి తోడవుతోంది. నాలుగింట్లో రెండు నిజంగా దగ్గరికొచ్చిన చోటు అదొక్కటే. దానికి ఘనాలూ పల్టీలూ అక్కర్లేదు, ఎవరో అనుమతులు ఇస్తే చాలు.

మరి గుంపు రోబోల మీద భయపడాల్సింది ఏమీ లేదా? ఒకటుంది. అది కిలోబాట్ల టేబుల్ మీదే కనిపించింది. పది రోబోలున్నప్పుడు అరుదుగా వచ్చే తప్పు వెయ్యి ఉన్నప్పుడు మామూలు విషయం అయిపోతుంది. అందుకే పక్కన ఆగిపోయిందెవరో, తప్పుడు చోటు చెబుతున్నదెవరో రోబోలే గమనించుకునేలా హార్వర్డ్ బృందం అదనంగా నియమాలు రాయాల్సి వచ్చింది. ఒక్కో రోబో నియమం చదివి గుంపు మొత్తం ఏం చేస్తుందో ముందే చెప్పడం చాలా కష్టం. అది నక్షత్రం బొమ్మ అయితే వంకరపోతే పోయింది.

2016 అక్టోబరులో కాలిఫోర్నియాలోని చైనా లేక్ మీదుగా మూడు యుద్ధవిమానాలు 103 బుల్లి డ్రోన్లను గాలిలోకి జారవిడిచాయి. వాటి పేరు పెర్డిక్స్. నాయకుడు లేడు, ఒక్కో డ్రోన్‌కు ముందే రాసిపెట్టిన దారి లేదు. కొన్ని పోయినా మిగతావి సర్దుకుంటాయి. ఒకే మెదడును పంచుకునే సమష్టి ప్రాణి లాంటివని వాటిని చేయించిన అధికారులే వర్ణించారు. సొంతంగా లక్ష్యాన్ని ఎంచుకునే ఆయుధాల గురించి జెనీవాలో 2014 నుంచి చర్చలు సాగుతున్నాయి. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఈ విషయం మీద తీర్మానం చేస్తే 152 దేశాలు అనుకూలంగా, నాలుగు వ్యతిరేకంగా ఓటేశాయి. ఆ నాలుగింటిలో రష్యా, భారత్ ఉన్నాయి. 2026కల్లా అందరూ కట్టుబడే ఒప్పందం రావాలని ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెర్రెస్ కోరారు. మనిషి అదుపు ఉండాలన్న మాట దగ్గర పెద్దగా తగాదా లేదు. ఎంత ఉంటే అదుపు అన్నట్టు అనే దగ్గరే చర్చలు చిక్కుపడుతున్నాయి: వంద డ్రోన్లను వదిలేముందు ఒక అధికారి ఒకసారి మీట నొక్కితే సరిపోతుందా, లేక వాటిలో ఒక్కోటి గురి పెట్టిన ప్రతిసారీ అవునో కాదో చెప్పడానికి ఒక మనిషికి సమయం ఉండాలా?